మా షట్టర్‌కి దిగులు పట్టింది

చీకటి పక్షం, తదియ

మార్కెట్ ఆఫీసు వారికి, మూడో డోమ్ కూరగాయల వీధిలోని తాయారు కర్రీ పాయింట్ నుంచి మంగతాయారు రాస్తున్నది. నేర్చుకునే యంత్రం ఏదైనా మొరాయిస్తే, అది బాగయ్యేదాకా షాపువాళ్ళు ఇందులో రోజూ నాలుగు ముక్కలు రాయాలన్నారు కాబట్టి రాస్తున్నాను. నాలుగు ముక్కల్లో ముగించడం నాకు చేతకాదు, ముందే చెప్తున్నాను. పొయ్యి మీద పప్పుంది, ఒక చేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

సంగతేంటంటే మా షట్టర్ ఇవాళ పొద్దున లేవలేదు.

రోజూ మా ఆయన వీరరాఘవులు గారు హ్యాండిల్ మీద చెయ్యి వేస్తారు. అది చెయ్యి గుర్తుపట్టి పైకి చుట్టుకుంటుంది. ఆ సమయానికి నేను లోపల తాలింపులో ఉంటాను. భూమి మీంచి కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు గానీ, చందమామ మీద తాలింపు ఆషామాషీ కాదు. ఆవాలు చిటపటమన్నాయంటే పైకప్పు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, తీరిగ్గా దిగుతాయి. బాణలి పట్టుకుని వాటి కింద తిరగాలి. కాబట్టి షట్టర్ దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు. ఆవాలన్నీ పట్టుకుని వచ్చేసరికి ఆయన మూసి ఉన్న షట్టర్ ముందు నిలబడి ఉన్నారు.

"లేవట్లేదు తాయారూ," అన్నారు.

"గట్టిగా లాగండి."

"లాగాను."

నేనూ లాగాను. లేవలేదు. గునపంతో లేపుదామంటే, మీకు తెలుసు, అది మామూలు రేకు కాదు. ఎప్పుడైనా వీధిలో గాలి పోతే లోపలివాళ్ళు బతకాలని గట్టిగా అతుక్కుని ఉంటుంది. బలవంతం చేస్తే వీధంతా సైరన్, ఆపైన జరిమానా. ఇంటి వెనక తలుపులోంచి అమ్మడం కుదరదని మీరే బోర్డు పెట్టారు. వండిన నాలుగు కూరలు మేమిద్దరమే ఎంతని తింటాం? అదీగాక ఆయన ఈ మధ్య చారు కూడా సగమే తాగుతున్నారు. ఉప్పెక్కువైందేమో అని రుచి చూశాను. సరిగ్గానే ఉంది.

పక్క బేకరీ ఇమ్మానియేలు మధ్య గోడలోని గాలి కంతలోంచి పిలిచాడు. "ఏటక్కా, ఇయ్యాల కొట్టు తియ్యలేదేటి? బావగారికి ఒంట్లో బాగోలేదా?"

"మీ బావగారు బానే ఉన్నారు తమ్ముడూ. షట్టర్‌కే బాగోలేదు."

"ఓడొచ్చేలోగా బాగు చేయించేసుకోండక్కా. మరి రూలు తెలుసు కదా."

తెలుసు. వెలుగు పక్షం పంచమికి సరుకులతో, మనుషులతో ఓడ వస్తుంది. ఓడ దిగిన రోజు మూసి ఉన్న షాపుని ఆఫీసు వెనక్కి తీసుకుని పక్క షాపుకి ఇస్తుంది. పక్క షాపంటే ఇమ్మానియేలే. పాపం, వాడు మంచివాడే. కానీ ఇందాక టేపు పెట్టి మా గోడ కొలుస్తున్న చప్పుడు వినిపించింది.


చీకటి పక్షం, సప్తమి

లేవలేదు. ఈ మూడు నాలుగు రోజుల్లో వీధిలోవాళ్ళు చెప్పిన వైద్యాలన్నీ అయిపోయాయి. నిమ్మకాయలు కట్టాం. కొబ్బరినూనె రాశాం. ఇమ్మానియేలు ప్రార్థన చేశాడు. పూలమ్మే ఆవిడ వచ్చి షట్టర్‌ని పట్టుకుని కడిగేసింది, "నీకేం తక్కువే, తిండికి లోటా, నీడకి లోటా, ఎందుకింత వేషం" అని. అది మరింత బిగుసుకుంది.

అందరూ ఒకటే మాట, చీకటి పక్షం కదా, పద్నాలుగు రోజులు సూర్యుడి మొహం చూడకపోతే యంత్రానికైనా అలాగే ఉంటుంది, వెలుగు వస్తే అదే పోతుంది అని. నేనూ అదే అనుకుంటున్నాను.

ఉల్లిపాయల గురించి కూడా ఒక ఫిర్యాదు, ఎలాగూ రాస్తున్నాను కాబట్టి. గాలి యంత్రాలకి పడదని మీరు ఘాటు తీసేసిన ఉల్లిపాయలు పండిస్తున్నారు. బస్తా కోసినా కంట్లో చుక్క నీరు రాదు. కూరలో రుచి లేదని జనం నన్ను తిడుతున్నారు. తిట్టాల్సింది ఉల్లిపాయని.

ఆయనకి నిద్ర సరిగ్గా లేదు. పొద్దున అందర్నీ లేపే సైరన్‌కి ముందే లేచి కూర్చుని గాలి మీటరు చూస్తున్నారు. చూసి పడుకుంటారు. మళ్ళీ లేచి చూస్తారు. షట్టర్ బెంగ అనుకుంటాను. మగవాళ్ళకి యంత్రాల మీద ఉన్న ప్రేమ ఇంకే దాని మీదా ఉండదు.


చీకటి పక్షం, దశమి

యంత్రాల నర్సు వచ్చింది. ఫర్జానా అని, చిన్న పిల్ల, హైదరాబాదువాళ్ళ డోమ్ నుంచి. చెవి గొట్టం పెట్టి షట్టర్‌ని పై నుంచి కింద దాకా విన్నది.

"అమ్మా, గిది ఖరాబ్ కాలే. మోటర్ మంచిగుంది. దీనికి భయం పట్టింది."

"షట్టర్‌కి భయమేంటమ్మా?"

"రోజూ ఎవరి చెయ్యి పడ్తదో ఆ చెయ్యి సంగతులన్నీ దీనికి ఎక్కుతయి. పొద్దుగాల తెరిచేది ఎవరు?"

"నేనే," అన్నాను.

అంటే, లైసెన్సు నా పేరున ఉంది. ఆఫీసు రికార్డులో కూడా చెయ్యి నాదే అని ఉంది. వంట నాది, బేరం నాది, అరుపులు నావి. హ్యాండిల్ మీద ఎవరి చెయ్యి పడితే ఏంటిలే అనుకున్నాను. ఆయన తెరుస్తారంటే మీవాళ్ళు వంద ప్రశ్నలు వేస్తారు. ఇప్పుడు ఇందులో రాసేశాను కాబట్టి ఎలాగూ వేస్తారు. వెయ్యండి.

"మీకేమన్నా రంది ఉందా అమ్మా? దిగులు, గాబరా?"

"దిగులు పెట్టుకునే తీరిక నాకెక్కడిదే తల్లీ."

ఆ పిల్ల నన్ను కాసేపు చూసి, సరే అని వైద్యం చెప్పింది. "గుంజొద్దు. తిట్టొద్దు. పక్క షాపు షట్టర్ ఎంత మంచిగ లేస్తదో దాని ముందల చెప్పొద్దు. ఎందుకిట్ల చేస్తున్నవ్ అని అడగొద్దు, దానికీ తెల్వదు. జర సేపు పక్కన కూసోండి, గంతే. ఇయ్యాల వేలెడు లేస్తే సంబురపడండి. రేపు అది కూడా లేవకపోతే గుస్స కాకుర్రి."

ఫీజు కింద గుత్తివంకాయ పట్టుకెళ్ళింది. బంగారు పిల్ల.

ఆయన ఇదంతా మూల స్టూలు మీద కూర్చుని విన్నారు.


చీకటి పక్షం, ద్వాదశి

వైద్యం జోరుగా సాగుతోంది. మధ్యాహ్నం వంటయ్యాక షట్టర్ పక్కన పీట వేసుకుని కూర్చుంటున్నాను. హ్యాండిల్ మీద చెయ్యి ఉంచి ఊరికే కబుర్లు చెప్తున్నాను. రెండో డోమ్‌లో పెళ్ళి ఆగిపోయిన సంగతి, పూలావిడ కోడలి సంగతి. "తొందరేం లేదు నాన్నా, నీకెప్పుడు లేవాలనిపిస్తే అప్పుడే లే," అంటున్నాను. పెళ్ళై వెళ్ళిపోయిన మా అమ్మాయితో కూడా ఇంత ముద్దుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నిన్న వేలెడు లేచింది. చప్పట్లు కొట్టాను.

వెనక్కి తిరిగితే ఆయన మధ్యాహ్నం పూట మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. "ఎంతసేపండీ ఆ మంచం మీద, లేవండి, ఇమ్మానియేలుని చూడండి, తెల్లారేసరికి పది ట్రేలు కాలుస్తున్నాడు," అన్నాను. లేచారు. లేచి ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడ్డారు. "స్నానం చెయ్యండి," అన్నాను. "ఊఁ," అన్నారు. చెయ్యలేదు.

ఇవాళ పొద్దున ఆయన అలవాటు కొద్దీ హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. నిన్న నేను లేపిన వేలెడు కూడా దబ్బున పడిపోయింది. నా రెండు రోజుల కబుర్లు బూడిదలో పోసినట్టయింది. "మీరు దాన్ని ముట్టుకోకండి, మీరంటే భయపడుతోంది," అన్నాను. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాను. ఆయన చెయ్యి తీసి పంచెకి తుడుచుకుని స్టూలు మీదికి వెళ్ళిపోయారు.

రేపట్నించి ఆయనకి వేరే పని ఇస్తాను. ఖాళీగా ఉంటేనే మనిషి ఇలా అయిపోతాడు.


వెలుగు పక్షం, పాడ్యమి

పొద్దు పొడిచింది. మన దగ్గర పొద్దు పొడవడానికి ఒక పూట పడుతుంది, అయినా జనమంతా వీధిలోకి వచ్చి డోమ్ అద్దం వైపు తలెత్తి నిలబడ్డారు. అద్దం అంచు ముందు బెల్లం పాకంలా అయ్యి, తర్వాత తెల్లగా వెలిగింది. ఇమ్మానియేలు అందరికీ కేకు ముక్కలు పంచాడు. గాలి కంతలోంచి మాకు రెండు ఇచ్చాడు.

షట్టర్‌కి వెలుగు తగిలింది. లేవలేదు.

"వెలుగొచ్చిందండీ, చూడండి," అని ఆయన్ని వెనక తలుపులోంచి అద్దం కిందకి లాక్కొచ్చాను. చూశారు. "వచ్చింది," అన్నారు, కరెంటు బిల్లు వచ్చిందన్నట్టు.

సరే, ఓడకి ఎలాగైనా తెరుస్తాం కదా అన్న ధైర్యంతో కుర్మా మసాలా ముందే చేసి పెట్టుకుందామని ఆయన ముందు ఉల్లిపాయల గంప పెట్టాను. చక్కగా కోస్తున్నారు. నాకూ మనసు కుదుటపడింది. చూశారా, పని ఉంటే అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. బాణలి పెట్టాను, నూనె కాగింది. తిరిగి చూస్తే ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఉల్లిపాయలు మండుతున్నాయా?" అన్నాను.

"ఊఁ," అన్నారు.

ఆవాలు వేశాను. చిటపటమని పైకి వెళ్ళాయి. బాణలి పట్టుకుని వాటి కింద నిలబడ్డాను. అవి పైకప్పుకి తగిలి వెనక్కి తిరిగేలోపు నాకు గుర్తొచ్చింది.

ఈ ఉల్లిపాయలకి ఘాటు లేదు.

ఆవాలన్నీ నేల మీద పడ్డాయి. ఒక్కటి కూడా పట్టుకోలేదు.


వెలుగు పక్షం, విదియ

నిన్న పొయ్యి కట్టేసి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఏమైందండీ అని అడగబోయాను. ఎందుకిలా ఉన్నారు అని అడగబోయాను. మనకేం తక్కువ అనబోయాను. ప్రతిసారీ ఫర్జానా మాట అడ్డం వచ్చింది. ఆ పిల్ల షట్టర్‌కి వద్దన్నవన్నీ నేను ఈయన్ని అంటూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఇనుప రేకుని నాన్నా అన్నాను. ఈయన్ని ఇమ్మానియేలుతో పోల్చాను.

అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. ఆఫీసు వారు నన్నెరుగుదురు, అదెంత కష్టమో మీరే ఊహించుకోండి. రెండు ఉల్లిపాయలు అయ్యాయి. మూడోది సగంలో ఆయనే మొదలుపెట్టారు.

"పొద్దున్నే హ్యాండిల్ మీద చెయ్యేత్తానా, బయట గాలి లేదేమో అనిపిత్తాది. మీటరు చూత్తాను. ఉంటాది. మళ్ళీ చూత్తాను. ఉంటాది. అయినా గుండె దడదడలాడిపోద్ది తాయారూ. చేతులు చల్లబడిపోతాయి."

"ఎప్పట్నించండీ?"

"పోయిన ఓడ ఎళ్ళిన కాడ్నించి."

"నాకు చెప్పొచ్చు కదండీ."

"ఏటని సెప్పను? గాలుంది. నువ్వున్నావు. బేరం బాగుంది. ఏం లేకుండానే ఏడుపొత్తందని సెప్పనా?" కత్తి పక్కన పెట్టారు. "మిగతా పొద్దంతా అదీ ఉండదు. అసలేం ఉండదు. నీ దోసకాయ పప్పు తిన్నా, ఈ గోడ నాకినా ఒకటే."

నా దోసకాయ పప్పుని గోడతో పోల్చారు. వేరే రోజైతే దానికి నా సమాధానం వేరేగా ఉండేది. నిన్న మాత్రం, "అలాగా," అన్నాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఐసు ముక్కలా ఉంది.

ఇవాళ ఫర్జానాకి ఫోన్ చేశాను. "అమ్మా, ఆ చెయ్యి నాది కాదు. మా ఆయనది."

"గట్ల చెప్పండి మరి. గది తెల్వక నేను షట్టర్‌కి వైద్యం చేస్తున్న." పరిగెత్తుకొచ్చింది. వచ్చి ఆయన ముందు కూర్చుని ఆయనకే చెప్పింది. "సార్, దీనికి రోగమే లేదు. లోపలి మనిషి చెయ్యి వణికిందనుకో, బయట ఏదో ఆపద ఉందని మూసుకోవాలె. దాన్ని చేసిందే గట్ల. మీరు భయపడ్తున్నరు, ఇది మిమ్మల్ని కాపాడుతున్నది. రోజూ భయపడ్డరు, రోజూ కాపాడింది."

ఆయన షట్టర్ వైపు చూశారు. అంతసేపు దాన్ని చూడటం, అది మొరాయించాక అదే మొదటిసారి.

"మరి ఓడ?" అన్నాను నేను. ఎంతైనా వ్యాపారం చేసుకునేదాన్ని.

"అల్కగ చెయ్యొచ్చు. సార్ చెయ్యి తీసేసి మీ చెయ్యి ఎక్కిస్తా. ఒక పూట పని. ఓడకి షట్టర్ మీదికి లేస్తది."

ఎక్కించెయ్యమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"తీసెయ్యండమ్మా," అన్నారు ఆయన. "నేను ఉల్లిపాయలు కోసుకుంటాను."

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఇల్లు ఖాళీ చేసి తాళం చేతికిచ్చేసేవాళ్ళ గొంతులా ఉంది.

"వద్దులే ఫర్జానా," అన్నాను.

"షాపు పోతదమ్మా."

"పోతే చూద్దాం. ఆ చెయ్యి ఉండనీ."

ఈ ముక్క రెండుసార్లు చెరిపేశాను. కానీ రాశాను కాబట్టి రాశాను.

వెళ్ళేటప్పుడు ఫర్జానా క్లినిక్ చీటీ ఇచ్చింది. "నేను యంత్రాలకే నర్సునమ్మా. మనుషులకి డాక్టర్ ఉన్నది. రేపే పోండి."


వెలుగు పక్షం, తదియ

క్లినిక్‌కి వెళ్ళాం. దారిలో ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగారు. రెండుసార్లూ నేనూ వెనక్కి తిరిగి, కాసేపాగి, మళ్ళీ ముందుకి నడిచాం. చూసినవాళ్ళు దారి తప్పామనుకుని ఉంటారు.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమని ఆయనతో చాలాసేపు మాట్లాడింది. తలుపుకి చెవి పెట్టలేదు. పెట్టినా వినిపించదు, ఆ తలుపు మంచి తలుపు.

తర్వాత నన్నూ పిలిచి చెప్పింది. ఆందోళన ఒకటి, కుంగుబాటు ఒకటి, రెండూ కలిసి వచ్చాయట. ఇది బద్ధకం కాదు, భక్తి తక్కువై కాదు, చీకటి పక్షం వల్ల మాత్రమే కాదు. జ్వరంలాగే ఇదీ జబ్బే, వైద్యం ఉంది. మాత్రలు రాసింది. వారానికోసారి వచ్చి మాట్లాడాలంది.

"ఓడొచ్చేలోపు తగ్గుతుందా డాక్టరమ్మా?"

"మందుకి ఓడ సంగతి తెలియదమ్మా. పూర్తిగా పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మధ్యలో బాగుందనో బాగోలేదనో మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఆయన్ని ఎలాగైనా నవ్వించాలని కూడా కంకణం కట్టుకోకండి. పక్కన ఉండండి. చిన్న చిన్న పనులు ఆయనతో చేయించండి. ఈరోజుకి ఎంత చేయగలిగితే అంతే."

"మీరు గానీ ఫర్జానా దగ్గర చదువుకున్నారా?" అని అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది. ముక్కులోంచి చిన్న గాలి వదిలారు. నవ్వని నేను అనను. కానీ గాలి వచ్చింది.

సాయంత్రం ఇద్దరం షట్టర్ దగ్గర కూర్చున్నాం. ఆయన చెయ్యి హ్యాండిల్ మీద, నా చెయ్యి ఆయన చెయ్యి మీద. డాక్టరమ్మ నేర్పినట్టు ఊపిరి నెమ్మదిగా లోపలికి, అంతకంటే నెమ్మదిగా బయటికి. నేను పూలావిడ కోడలి సంగతి ఎత్తబోతే, "ఊపిరి మజ్జిలో వద్దే," అన్నారు.

వేలెడు లేచింది.


వెలుగు పక్షం, చవితి

పొద్దున బెత్తెడు. మధ్యాహ్నం ఆయనకి గుండె దడ వచ్చి మొత్తం పడిపోయింది. గుస్స కాలేదు. సాయంత్రం మళ్ళీ బెత్తెడు. కింద సందులోంచి ఇమ్మానియేలు చెప్పులు కనిపించాయి.

"అక్కా, లెగిసిందేటి?"

"బెత్తెడు లేచింది తమ్ముడూ."

చెప్పులు అక్కడే నిలబడ్డాయి. "బావగారికి మందులు దొరికాయేటి?" అన్నాడు. క్లినిక్ దగ్గర చూసినట్టున్నాడు. "మా నాన్నకీ ఇదే ఉండేదక్కా. మేం దాన్ని కోపం అనుకున్నాం. పోయాక తెలిసింది."

నేను ఏమీ అనకముందే ఆయన లోపలినుంచి, "కూకో ఇమ్మానియేలూ," అన్నారు. వాడు వీధిలో, ఈయన లోపల, మధ్యలో బెత్తెడు సందు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. నిజంగానే వినలేదు, చారు కాగుతోంది.


వెలుగు పక్షం, పంచమి. ఓడ దిగిన రోజు

వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం చేస్తాను.

పొద్దున ఆయన స్నానం చేశారు. ఇద్దరం కూర్చున్నాం. ఊపిరి, చెయ్యి, అన్నీ అయ్యాయి. షట్టర్ మూరెడు లేచింది. అక్కడ ఆగింది. ఇంక ఎంత కూర్చున్నా లేవలేదు. బయట ఓడ కూత వినిపించింది. ఆయన మీటరు వైపు తల తిప్పారు.

"చాలండి," అన్నాను. "ఇవాళ్టికి మూరెడు."

"మూరెడులో ఏం అమ్ముతావే?"

"కూర ప్యాకెట్ మందం ఎంతండీ? నాలుగు వేళ్ళు. మూరెడులో ఎన్ని పడతాయో మీరే చూడండి."

షాపు సరుకంతా కిందకి దించి నేల మీద పరిచాం. ఆయన షట్టర్ పక్కన నేల మీద కూర్చుని ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంచారు, వదిలితే పడిపోతుందేమో అని. రెండో చేత్తో ప్యాకెట్లు సందులోంచి బయటికి తోస్తారు. నేను పక్కన బోర్లా పడుకుని బేరం.

ఓడ దిగినవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత ఆకలేసింది. ఒకాయన వంగాడు, ఒకావిడ చతికిలబడింది. ఇక్కడి బరువుకి కింద కూర్చోవడం తేలికే గానీ విసురుగా కూర్చుంటే మళ్ళీ లేస్తారు, ఒక లావుపాటాయన మూడుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. అది చూసి ఇమ్మానియేలు తన బేకరీలోంచి గోనెపట్టాలు తెచ్చి వీధిలో పరిచాడు. నా షాపు పోతే ఆ షాపు వాడిదే. అయినా పరిచాడు. ఇంక జనం బంతి భోజనాలకి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నారు. సందులోంచి నాకు మొహాలు కనబడవు, చేతులూ మోకాళ్ళూ మాత్రమే. "ఎర్ర చీర మోకాలుగారికి రెండు పప్పు, ఒక కుర్మా," అని కేకలు పెట్టి అమ్మాను. ఇంత సరదాగా ఎప్పుడూ అమ్మలేదు.

అప్పుడు నల్లబూట్లు వచ్చి నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ దండపాణిగారు, మీవారే.

"ఏందమ్మా ఇది?" పైనుంచి గొంతు. "షాపు తెరిచినట్టా, మూసినట్టా?"

నా దగ్గర సమాధానాలు చాలానే ఉన్నాయి. రూల్లో తెరిచి ఉండాలనే ఉంది గానీ ఎంత అని లేదు, అది రాత్రే చదివి పెట్టుకున్నాను. నోరు తెరిచాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. హ్యాండిల్ మీది చెయ్యి తీసి వేశారు. షట్టర్ పడలేదు.

బూట్లు వంగాయి. మోకాళ్ళు వచ్చాయి. తర్వాత దండపాణిగారి చెంప గోనెపట్టాకి ఆనింది. మూరెడు సందులో అటు ఆయన కళ్ళజోడు, ఇటు మా ఆయన మొహం.

"తెరిచే ఉందండి," అన్నారు మా ఆయన. మాట మింగకుండా పూర్తిగా అన్నారు. "ఇవాళ్టికి ఇంత."

దండపాణిగారు చాలాసేపు అలాగే పడుకుని చూశారు. వెనకాల లావుపాటాయన, "సార్, చూసుడైతే జర జరగండి, పప్పు అయిపోతది," అన్నాడు.

"తెరిచి ఉంది," అని దండపాణిగారు పలక మీద వేలు పెట్టి నమోదు చేశారు, పడుకునే. లేచి దులుపుకుని వెళ్ళిపోయారు.

అన్నీ అమ్ముడుపోయాక ఆయన అక్కడే నేల మీద నిద్రపోయారు. షట్టర్ మూరెడు దగ్గర అలాగే ఉండిపోయింది. నేను దుప్పటి కప్పాను. ఆయనకే. షట్టర్‌కి కూడా కప్పాలనిపించింది గానీ నలుగురూ చూస్తారు.


వెలుగు పక్షం, ఏకాదశి

ఇవాళ్టితో ఈ మొరాయింపు నమోదు మూసెయ్యమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. యంత్రం పరిస్థితి ఏంటో రాయమన్నారు. రాస్తున్నాను. బాగానే ఉంది. మొదట్నుంచీ బాగానే ఉంది.

షాపు పరిస్థితి: ఒక రోజు రెండు మూరలు లేచింది, పండగ చేసుకున్నాం. మర్నాడు జానెడు. జానెడు రోజున జానెడులోంచే అమ్మాం. పప్పు పట్టింది, సాంబారు డబ్బా పట్టలేదు. నిన్న మొత్తం లేచింది, కానీ జనం వచ్చి గోనెపట్టాలు ఏవని అడిగారు. కూర్చుని కొనడం వాళ్ళకి అలవాటైపోయింది. ఇమ్మానియేలు చూసి చూసి, ఏ జబ్బూ లేని తన షట్టర్‌ని కూడా మూరెడు దగ్గర ఆపి కేకులు అమ్ముతున్నాడు. వాడి బేరం పెరిగింది. గోడ కొలవడం మానేశాడు.

ఆయన మాత్రలు వేసుకుంటున్నారు. మొదట్లో నోరెండింది, కాస్త కళ్ళు తిరిగాయి. డాక్టరమ్మకి చెప్తే మోతాదు మార్చింది. మీటరు ఇంకా చూస్తారు. ఇదివరకు పదిసార్లయితే ఇప్పుడు నాలుగైదు. కొన్ని మధ్యాహ్నాలు ఇంకా గోడవైపు తిరిగి పడుకుంటారు. నేను వెళ్ళి వెనక కూర్చుంటాను. కబుర్లు చెప్పను. కొంచెం చెప్తాను.

ఇవాళ బేరం అయ్యాక నల్లబూట్లు మళ్ళీ వచ్చాయి. పలక లేదు, సంచీ లేదు. దండపాణిగారు చుట్టూ చూసి గోనెపట్టా మీద కూర్చున్నారు.

"ఏం లేదమ్మా," అన్నారు. "మీరు రాసేదంతా ఆఫీసులో నేను చదివాను. మా ఆఫీసు లిఫ్టు ఉండాది. ఈ మధ్య అది రెండో అంతస్తులోనే కూర్చోనుంది. ఎంత నొక్కినా దిగదు."

"ఆ లిఫ్టు ఎవరు వాడతారండీ?" అన్నాను.

"నేనే. నేనొక్కణ్ణే."

ఎన్ని ప్రశ్నలు వచ్చాయో నా నోట్లోకి. ఒక్కటి కూడా వదల్లేదు. రికార్డులో రాసుకోండి.

మా ఆయన లేచి షట్టర్ కిందనుంచి బయటికి వెళ్ళారు. ఈ భయం పట్టినప్పట్నించీ ఆయన వీధిలోకి తనంతట తాను వెళ్ళడం ఇదే మొదటిసారి. వెళ్ళి పట్టా మీద ఆయన పక్కన కూర్చున్నారు. "లిఫ్టుకేం కాలేదండి," అన్నారు. "ముందు కాస్త అన్నం తినండి. తర్వాత క్లినిక్‌కి నేనూ వత్తాను. దారిలో ఎనక్కి తిరగాలనిపిత్తాది, తిరుగుదాం. పర్లేదు."

రెండు పళ్ళేలు పెట్టాను, దోసకాయ పప్పు వేసి. దండపాణిగారు ఒక ముద్ద తిని కళ్ళు దించుకుని, "బాగుందమ్మా," అన్నారు, మర్యాదకి. ఆయనకి గోడ రుచే తగిలి ఉంటుంది, నాకిప్పుడు అది తెలుస్తుంది.

మా ఆయన కూడా ఒక ముద్ద పెట్టుకున్నారు. నమిలారు. ఆగారు. ఇంకో ముద్ద పెట్టుకుని మళ్ళీ ఆగారు.

"తాయారూ," అన్నారు. "ఉప్పు తక్కువైంది."

ఎన్నాళ్ళకి నా వంటకి వంక పెట్టారో. రుచి చూశాను. నిజంగానే తక్కువైంది.

ఉప్పు డబ్బా తేవడానికి లోపలికి పరిగెత్తాను. మనకి ఇక్కడ పరిగెత్తకూడదు, నాకూ తెలుసు, తల పైకప్పుకి తగిలింది. పర్లేదు, తీరిగ్గానే దిగాను.